శ్రుతి వదలని ఆల్టో

అశోక్ నగర్‌లో అరుంధతి గారిని సంగీతం తెలిసిన మనిషిగానే ఎరుగుదురు. కరెంటు ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యారు కానీ, ఆవిడ అసలు బతుకంతా పొద్దున్నే శ్రుతి పెట్టె ముందర గడిచింది. చిన్నప్పుడు చిక్కడపల్లిలో గురువు గారు నేర్పిన మొదటి పాఠం కూడా అదే: శ్రుతి తప్పితే నోరు మూసుకోవాలి.

అలాంటి మనిషి ఇంగ్లీషు పాటల బృందంలో చేరడం ఇంట్లో వాళ్లకే వింత. నారాయణగూడలో ఒక స్కూలు హాల్లో ఆదివారాలు ఆడా మగా కలిసి మాడ్రిగల్స్ అనే పాత ఇంగ్లీషు పాటలు పాడతారు. వాద్యం ఉండదు. నాలుగు రకాల గొంతులు నాలుగు వేర్వేరు వరుసల్లో ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతాయి. ఒకసారి విన్నాక ఆవిడ ఆగలేకపోయారు. ఆడవాళ్లలో కింది గొంతైన ఆల్టోలో చేరారు. తోటి ఆల్టోలు ఒక్కొక్కరే మానేసి, ఆ వరుసకు ఇప్పుడు ఆవిడ ఒక్కరే మిగిలారు.

చిక్కు అక్కడే వచ్చింది. వాద్యం లేకుండా పాడేవాళ్లు పాట నడుస్తుండగా తెలియకుండానే కొద్దికొద్దిగా కిందికి జారుతుంటారు. మిగతావాళ్లంతా కలిసే జారేవారు. అరుంధతి గారు మాత్రం మొదట అందుకున్న శ్రుతి మీదే నిలబడేవారు. చివరికొచ్చేసరికి పాట రెండుగా చీలిపోయేది.

"అరుంధతక్కా, జర మాతోని రా," అన్నాడు బృందాన్ని నడిపే సుధీంద్ర. "నువ్వొక్కదానివే పైన ఉంటే ఎట్ల?"

"మీరందరు దిగుతున్నరు నాయినా! నేను తప్పు పాడితే చెప్పు."

"తప్పు మాదే అక్కా. కానీ వినేటోళ్లకు నువ్వే బేసూర్‌గ వినిపిస్తున్నవ్."

పై గొంతు పాడే తన్మయి కిసుక్కున నవ్వింది. "మేమంత లిఫ్టుల కిందికి పోతున్నం, ఆంటీ పైనుంచి టాటా చెప్తున్నరు."

సుధీంద్ర నవ్వలేదు. వచ్చే ఆదివారం కచేరీ. అప్పుడు కూడా ఇట్లనే అయితే, ఇక ముందు ఆల్టో వరుస లేని పాటలే పెట్టుకుంటామన్నాడు. అంటే ఆవిడకు చోటు లేనట్టే.

ఆ వారమంతా ఆవిడ కాలు ఒకచోట నిలవలేదు. పాలు తోడు పెట్టడం మరిచారు. కూరగాయలకని బయల్దేరి బాగ్ లింగంపల్లి దాకా నడిచి, ఉత్త సంచితో తిరిగొచ్చారు. శ్రుతి పెట్టె ఆపేసి పాడబోయి, మళ్లీ దాన్నే పెట్టుకున్నారు.

"దిగితే ఏం పాయె?" అన్నారు భర్త కిషన్ రావు, పేపరు దించకుండానే. "గంత పరేషాన్ ఎందుకు?"

"మీకు తెల్వదు. ఇన్నేండ్లు దేన్ని పట్టుకున్ననో దాన్నే విడువుమంటున్నరు."

"అయితే మానెయ్."

"మానబుద్ధి అయితలేదు. గదే బాధ."

కచేరీలో రెండో పాట సగంలోనే అందరూ జారడం మొదలైంది. మొదటి శ్రుతి ఆవిడ చెవిలో ఇంకా మోగుతూనే ఉంది. దాని మీదే రెండు మాటలు పాడారు. తన్మయి కంగారుగా ఇటు చూసింది. కింద మగగొంతులు ఎక్కడున్నాయో ఆవిడకు స్పష్టంగా వినిపిస్తోంది. కళ్లు మూసుకుని శ్రుతిని వదిలేశారు. నాలుగు గొంతులూ ఒక్కసారిగా దగ్గరకొచ్చాయి. వాటిలో తనదేదో తనకే తెలియలేదు.

చప్పట్లయ్యాక సుధీంద్ర పరుగున వచ్చాడు. "కమాల్ చేసినవ్ అక్కా! ఎంత కష్టమైందో నాకెరికే."

"కష్టం కాలేదు," అన్నారావిడ. మళ్లీ, "అసలు కష్టమే కాలేదు నాయినా," అన్నారు. ఇన్నేళ్లు పట్టుకున్నది ఇంత తేలిగ్గా వదిలిపోయిందేమా అన్నట్టు ముఖంలో సంతోషం లేదు. అందరూ టీలకు కూర్చున్నా, ఆవిడ హాలు గడప దగ్గర అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. చివరికి తిరిగొచ్చి సుధీంద్రను అడిగారు:

"మళ్ల ప్రాక్టీసు ఎప్పుడు?"