తిరగేసి చుట్టిన కాయిల్

చిలకలూరిపేటలో నరసరావుపేట రోడ్డు మీద షఫీక్ మోటారు వైండింగ్ షాపు ఉంది. మిరప తోటలకు ఆఖరి తడులు పెట్టే రోజుల్లో ఆ షాపు ముందు కాలిన మోటార్లు ఆసుపత్రి బయట రోగుల్లా వరసగా కూర్చుని ఉంటాయి. బోరు మోటారు కాలిన రైతు నిలబడలేడు, కూర్చోలేడు. షఫీక్ మాత్రం ఎవరెంత అరిచినా గొంతు పెంచడు. మాడిన రాగితీగను లాగేసి, కొత్త తీగను గాడుల్లో పొందిగ్గా సర్దుతాడు. పక్కనే అతని భార్య మెహర్ కాయిళ్లు చుడుతుంది. చుట్ల లెక్క ఆమెకు ఎన్నడూ తప్పలేదు.

ఇది బతుకుతెరువు. షఫీక్ ప్రాణం మాత్రం గిటారు మీద ఉంటుంది. పధ్నాలుగేళ్లుగా వెంకటరావమ్మ గారి ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నాడు. పెళ్లి రిసెప్షన్లు, దర్గా ఉరుసులు, క్రిస్మస్ సభలు, శివరాత్రికి కోటప్పకొండ కింద కరెంటు ప్రభ మీద ప్రోగ్రాం, అన్నిటికీ అదొక్కటే గిటారు. సెకండ్ హ్యాండులో కొన్నది. ఒళ్లంతా గీతలే గాని భక్తి పాటకు భక్తిగా, స్టెప్పుల పాటకు హుషారుగా పలికేది.

చిక్కల్లా ప్రభ దగ్గర వచ్చింది. కర్రలతో గోపురంలా కట్టిన ఎనభై తొంభై అడుగుల ప్రభ, దాని నిండా వేల బల్బులు. అవి వెలగగానే గిటారు గుయ్‌మని రొద పెట్టేది. ఏటా అంతే. ఈసారి శివరాత్రి ఇంకా మూడు వారాలుందనగా వెంకటరావమ్మ గారే షాపుకొచ్చింది. అరవై దాటిన మనిషి, మైకు లేకుండా బజారంతా వినపడే గొంతు.

"ఒరేయ్ షఫీకూ, నీ గిటారు పాడుతోందా, గుర్రు పెడుతోందా?"

"బల్బుల వల్ల పిన్నీ. అంత కరెంటు పక్కనుంటే..."

"ఎవరి వల్లయితే నాకేం? జనం నా మొహం చూస్తారు. కీబోర్డు వీరబాబు, గిటారు ముక్కలు కూడా నేనే వాయించేస్తా పిన్నిగారూ అంటున్నాడు. మీట నొక్కితే గిటారే పలుకుద్దంట. లైట్ల ట్రయలు రోజున వింటా. గుయ్‌మందా, ఈసారి నువ్వు కింద కూర్చుని చప్పట్లు కొట్టు."

"సరే పిన్నీ" అన్నాడు షఫీక్. ఆమె ఆటో సందు తిరిగేదాకా చేతిలో కాయిల్ అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"సరే అంటారేంటండీ?" అంది మెహర్. "మీరు కింద కూర్చుంటే నేను పక్కన కూర్చోను. ముందే చెబుతున్నా."

రొద ఎక్కణ్ణుంచి వస్తుందో షఫీక్‌కి తెలుసు. గిటారు తీగల కింద వేలెడు పొడుగు నల్లటి ముక్కలు మూడుంటాయి. వాటినే పికప్‌లంటారు. లోపల అయస్కాంతం, చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగితీగ. గిటారు తీగ కదిలితే ఆ కదలికను పట్టి స్పీకరుకు పంపుతాయి. దాంతోపాటే చుట్టుపక్కల కరెంటు మూలుగునూ పడతాయి. కాబట్టి పికప్‌లు మార్చాలి. ఏవి వేయాలన్నదే తేలలేదు.

వారం రోజులు అన్నం తింటూ ఫోనులో వీడియోలు చూశాడు. ఆ బుల్లి స్పీకరులో అన్నీ పల్లీలు వేగినట్టే వినిపించాయి. లాభం లేదని ఆదివారం బస్సెక్కి ఒంగోలులో అన్వర్ దుకాణానికి వెళ్లాడు. అన్వర్ వాయిద్యాలు అమ్ముతాడు, జనం కొన్నవాటి కంటే కొనబోయేవాటి గురించి ఎక్కువ మాట్లాడతాడు.

"మూడూ జంట కాయిళ్లే వేసెయ్యన్నా" అన్నాడు అన్వర్. "రెండు కాయిళ్లు ఒక్కచోట ఉంటాయి. రొద అనే మాటే ఉండదు. ఇదిగో, ఈ గిటారుకు ఉన్నయ్యి అవే. వాయించి చూడు."

షఫీక్ ముందు స్టెప్పుల పాట బీటు వాయించాడు. గదిలో గాజు తలుపు అదిరింది. తన గిటారుకున్న ఒంటి కాయిల్‌కి ఆ బలం రాదు. తర్వాత నెమ్మదిగా ఒక మెలోడీ ఎత్తుకున్నాడు. రెండు లైన్లకే ఆపేశాడు.

"ఏమైందన్నా?"

"గొంగడి కప్పుకుని పాడినట్టుంది."

జేబులోంచి పోయినేడాది ప్రోగ్రాం కాగితం తీశాడు. ఇరవై రెండు పాటలు. హుషారు పాటలు పది, తీగ గలగలమనాల్సినవి పన్నెండు. మూడూ జంట కాయిళ్లే వేస్తే పన్నెండు పాటలు పోతాయి. మూడూ ఒంటి కాయిళ్లే వేస్తే తనే పోతాడు. గంటసేపు కాగితం వంకా గిటారు వంకా చూసి తేల్చాడు. తీగలు బిగించే వంతెన పక్కన, బలం కావలసిన చోట, ఒక జంట కాయిల్. మధ్యనా, మెడ దగ్గరా ఒంటి కాయిళ్లు.

"ఆ రెండూ సెట్టుగానే తీసుకోన్నా. రెండూ కలిపి వాయిస్తే రొద రాకుండా కంపెనీ వాళ్లే చూసుకుంటారంట" అన్నాడు అన్వర్. ఎలా చూసుకుంటారో అతనికీ తెలియదు. సరుకు తెప్పించి బస్సు పార్సిల్లో పంపేసరికి ట్రయలుకు మూడు రోజులే మిగిలాయి.

షఫీక్ గిటారు మీది ప్లాస్టిక్ పలకలో రంధ్రాన్ని ఆకురాయితో అరగదీసి జంట కాయిల్ పట్టేలా చేశాడు. తీగలు అతికించే ముందు, మోటారు కాయిళ్లకు చేసే అలవాటు కొద్దీ దిక్సూచి తెచ్చి ఒక్కో కాయిల్ దగ్గర పెట్టి చూశాడు. మెడ దగ్గరి దాని మీద ముల్లు ఒకవైపు తిరిగింది. మధ్య దాని మీద సరిగ్గా రెండోవైపుకి తిరిగింది.

"చూశావా మెహర్! మధ్యది తిరగేసి చుట్టారు. ఫ్యాక్టరీ వాళ్లకీ నిద్రొస్తది."

మోటారులో ఒక్క కాయిల్ దిక్కు తప్పినా మోటారు మూలుగుతుంది, వేడెక్కి కాలిపోతుంది. ఇరవయ్యేళ్లలో అలాంటివి వందలు సరిచేసిన చెయ్యి అది. మధ్య పికప్ తాలూకు రెండు తీగలను అటుదిటు, ఇటుదటు మార్చి ముచ్చటగా సోల్డరింగ్ పెట్టాడు.

అప్పటికి షాపులో బాపయ్య ఉన్నాడు. నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి. తన మోటారు తయారయ్యేదాకా కదలనని స్టూలు మీద బైఠాయించాడు. షఫీక్ స్పీకరుకు వైరు తగిలించి, మధ్యదీ మెడదీ కలిసి పలికేలా స్విచ్ పెట్టి వాయించాడు.

"ఏరా, అగ్గిపెట్టెలో తూనీగని పెట్టినట్టుందే!" అన్నాడు బాపయ్య. "దానికి తోడు గుర్రు కూడా పెరిగింది."

నిజమే. పాట సన్నబడిపోయింది, రొద రెట్టింపయింది. షఫీక్ మొహం వాడిపోయింది. రెండు పికప్‌లూ విడివిడిగా వాయించి చూశాడు. బాగానే ఉన్నాయి. కలిపితేనే పేలవం.

"కొత్తగా పెట్టెలోంచి తీసినదాన్ని ఎందుకు మార్చారు?" అంది మెహర్.

"తప్పు చుట్టారు కదా."

"ఎవరు చెప్పారు?"

"దిక్సూచి."

"దిక్సూచి తిరగబడి ఉందని చెప్పింది. తప్పని కూడా చెప్పిందా?"

షఫీక్ గచ్చు మీద సుద్దముక్కతో రెండు కాయిళ్ల బొమ్మలు గీసి బాణాలు పెట్టసాగాడు. దిక్సూచి పట్టింది అయస్కాంతాన్నే. మధ్య దాంట్లో దాన్నీ తిరగేశారు, చుట్లూ తిరగేశారు. పాట రెండుసార్లు తిరగబడి మళ్లీ సరిగ్గానే వస్తుంది, పక్కదానితో కలిసి బలపడుతుంది. బల్బుల రొదకు అయస్కాంతంతో పని లేదు, అది గాల్లోంచి నేరుగా చుట్లలోకి దూరుతుంది. కాబట్టి ఒకదాంట్లో ఇటూ, రెండోదాంట్లో అటూ పోయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తాను తీగలు మార్చి పాటను కొట్టుకుపోయేలా చేశాడు, రొదను కూడబెట్టాడు.

బాపయ్య మోకాళ్ల మీద చేతులు పెట్టి బొమ్మను పరకాయించాడు. "అంటే తిరగేసి చుట్టినోడికి బుర్రుంది. సరిచేసినోడికి లేదు."

"అంతే బాబాయ్" అని పడీపడీ నవ్వాడు షఫీక్. పది నిమిషాల్లో తీగలు మళ్లీ మొదటి చోట్లకు చేరాయి.

ట్రయలు రోజు మధ్యాహ్నం మూడింటికి, కొండ కింద నిలబెట్టిన ప్రభ ముందు వెంకటరావమ్మ గారు గొడుగేసుకుని కుర్చీలో కూర్చుంది. వీరబాబు కీబోర్డు పరిచి వేళ్లు విరుచుకుంటున్నాడు. లైట్లతను మీట వేశాడు. ఎండలో కూడా బల్బులు కళ్లల్లో పొడిచాయి. షఫీక్ గిటారు భుజాన వేసుకుని, మధ్యదీ మెడదీ కలిసే గడిలో స్విచ్ పెట్టి, తీగల మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఏ చప్పుడూ లేదు.

వెంకటరావమ్మ గారు లేచొచ్చి స్పీకరుకు చెవి పెట్టింది. "అసలు ప్లగ్గు పెట్టావుట్రా?"

జవాబుగా షఫీక్ మెలోడీ అందుకున్నాడు. ఒక్కో స్వరం విడిగా, తడిసిన గులకరాయిలా మెరిసింది. ఆ ఊపులోనే స్విచ్ చివరికి, జంట కాయిల్ గడికి నెట్టి స్టెప్పుల పాట బీటు కొట్టాడు. ప్రభకు తాళ్లు బిగిస్తున్న కుర్రాళ్లు పైనుంచే ఈల వేశారు. ఆమె చెయ్యి చాచి ఆ స్విచ్‌ను తనే ఇంకో గడికి జరిపింది. గుయ్‌మంది.

"ఇదేంట్రా మళ్లీ?"

"అది మధ్యది ఒక్కటే పలికే గడి పిన్నీ. పెళ్లిళ్లలో వాడతా. ఇక్కడ దాని జోలికి పోను."

"పోతే?"

"కింద కూర్చుని చప్పట్లు కొడతా."

ఆమె అతన్ని ఎగాదిగా చూసి వెనక్కి తిరిగింది. "వీరబాబూ, నీ మీటలు నువ్వు చూసుకో నాయనా. గిటారు సంగతి వీడు చూసుకుంటాడు. ఒరేయ్ షఫీకూ, మొదటి పాటకు ముందు రెండు నిమిషాలు నువ్వొక్కడివే వాయించు. జనం సర్దుకుని కూర్చోవద్దూ?"

"ఒక్కణ్ణేనా పిన్నీ?"

"భయమైతే మెహర్‌ని పక్కన నిలబెట్టుకో."

షఫీక్ లైట్లతని వైపు తిరిగి, "అన్నా, బల్బులు ఇంకాసేపు ఉంచు" అని అడిగాడు. ఆ రెండు నిమిషాల్లో ఏం వాయించాలో అప్పుడే వెతుక్కోవడం మొదలుపెట్టాడు.