వెనక సీటు పక్కన జాలీ

టాక్సీ నడపడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయినా ఆయన్ని అందరూ సీట్ల మేస్త్రి అనే పిలిచేవారు. అంతకు ముందు ఇరవై రెండేళ్ళు కార్ల సీట్లకు కవర్లు కుట్టాడు. రెడీమేడ్ కవర్లు వచ్చి దుకాణం మూతబడ్డాక స్టీరింగు పట్టాడు. ఆయన కుట్టిన కవర్లో అతుకు ఎక్కడుందో వేలితో తడిమితే తప్ప తెలిసేది కాదు.

భార్యకు కిడ్నీలు పాడై వారానికి మూడు రోజులు డయాలసిస్ చేయించాల్సి వచ్చింది. ఆసుపత్రి ఊరికి అవతలి కొసన ఉంది. పోనూ రానూ డెబ్భై కిలోమీటర్లు. పాత డీజిలు కారు ట్రాఫిక్‌లో నిలబడి కూడా తాగేది. ఒకరోజు దారిలో ఆమె మెల్లిగా అంది.

"వారానికి రెండుసార్లు సరిపోతుందేమో డాక్టర్ని అడగండి. ఈ డీజిలుకే పోతోంది మీ రెక్కల కష్టమంతా."

ఆయన డాక్టర్ని అడగలేదు. ఆ నెలలోనే కారు అమ్మేసి, ఒకరు వాడి వదిలేసిన హైబ్రిడ్ కారు కొన్నాడు. మెల్లగా పోయేటప్పుడు బ్యాటరీతో నడుస్తుంది, జోరందుకుంటే పెట్రోలు ఇంజను కలుస్తుంది, బ్రేకు తొక్కినప్పుడల్లా కాస్త చార్జింగు వెనక్కి వస్తుంది. ఇదంతా ఎవరూ నేర్పలేదు. స్టీరింగు పక్కనున్న తెర మీద బాణం గుర్తులు అటూ ఇటూ తిరుగుతుంటే చూసి, కాలితో నేర్చుకున్నాడు. సిగ్నలు అల్లంత దూరాన ఎర్రబడగానే కాలు తీసేసేవాడు.

"మేస్త్రీ, బండి నడుపుతున్నావా, పాలగిన్నె మోస్తున్నావా?" అని స్టాండులో వాళ్ళు ఏడిపించేవారు.

"ఒలికితే నువ్వు పోస్తావా?" అనేవాడు.

పెట్రోలు ఖర్చు డీజిలు ఖర్చులో సగానికి వచ్చింది. రెండుసార్లు చాలన్న మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. పైగా లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో వెనక సీట్లోంచి మెడ సాచి తనే చదివేది. "ఇరవై రెండున్నర! నేను చిక్కిపోవడం వల్ల మీకు బాగానే కలిసొస్తోందండీ." ఆయన నవ్వేవాడు. ఇంటికెళ్ళాక మాత్రం ఆ చిక్కిన ముఖానికి ఎదురుగా కూర్చోలేకపోయేవాడు.

చలికాలం వచ్చింది. డయాలసిస్ అయ్యాక ఆమెకు వణుకు పుట్టేది. హీటరు వేస్తే ఇంజను ఆగకుండా తిరుగుతుంది, తెర మీద అంకె పడిపోతుంది. ఆమె అది కనిపెట్టేసింది. హీటరు వేసీ వేయగానే ఆపించేది. "దుప్పటి ఉందిగా! కాకపోతే ఈ పక్కనుంచి ఏదో గాలి ఆడుతోంది, నడుముకి చల్లగా తగులుతోంది."

ఆయన వంగి చూశాడు. వెనక సీటు పక్కన సన్నటి చిల్లులతో అరచేయంత ప్లాస్టిక్ జాలీ ఉంది. అది ఎందుకో ఆయనకు తెలియదు. ఏదో స్పీకరుది అనుకున్నాడు.

ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టి చీకటిపడే వేళకు పని ముగించాడు. దళసరి ఫోము కోసి, దాని మీద మెత్తటి గుడ్డ సాగదీసి, సీటు వంపును పట్టి జాలీ మీదుగా తలుపు దాకా ఒకే ముక్కగా తొడిగాడు. ఎక్కడా ముడత లేదు, దారం పైకి తేలలేదు. ఇన్నేళ్ళలో అంత బాగా కుదిరిన పని లేదనిపించింది. మర్నాడు తిరిగి వస్తూ ఆమె అందులో ఒదిగి నిద్రపోయింది. ఆ నిద్ర చెడకూడదని గుంతల్లేని రోడ్డు వెతుక్కుంటూ చుట్టూ తిప్పి తీసుకొచ్చాడు.

ఎండలు ముదిరే కొద్దీ తెర మీద అంకె దిగసాగింది. ఇరవై ఒకటి, పందొమ్మిది, పదిహేడు. వెనకెక్కడో చిన్న ఫ్యాను రొద పెట్టేది. ఆయన పెట్రోలులో కల్తీ అనుకుని మూడు బంకులు మార్చాడు. టైర్లలో గాలి చూసుకున్నాడు. బ్యాటరీ మెకానిక్ దగ్గరకు పోవాలనుకుంటూనే వాయిదా వేశాడు, షెడ్డులో పెడితే ఆమె ప్రయాణానికి బండి ఉండదని.

ఒక మిట్టమధ్యాహ్నం ఆసుపత్రికి పోతుంటే ఫ్లైఓవరు ఎక్కే చోట తెర మీద ఎర్ర త్రికోణం వెలిగి బండి ఆగిపోయింది. స్టాండు నుంచి మరో టాక్సీ వచ్చేసరికి గంటన్నర. ఆసుపత్రికి చేరేసరికి ఆమె మిషన్ మీద ఇంకెవరో ఉన్నారు.

"పిన్ని టైము దాటిపోయింది బాబాయ్. రేపు సాయంత్రం ఖాళీ ఉంది, మొదట మీకే పెడతాను" అంది నర్సు.

మర్నాటి మధ్యాహ్నానికే ఆమెకు ఆయాసం ఎక్కువైంది. పడుకుంటే ఊపిరాడటం లేదు. ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచుకుని పంపారు. ఇంటికైతే వచ్చింది గానీ, మంచం దిగాలన్నా చేయి పట్టుకోవాల్సి వచ్చేది.

షెడ్డులో మెకానిక్ వెనక సీటు తడిమి ఆగిపోయాడు. "ఇంత శుభ్రంగా ఎవరు కుట్టారన్నా? కంపెనీ పనే అనుకున్నా."

"నేనే."

మెకానిక్ బ్లేడు తీసి ఆయన చేతికే ఇచ్చాడు. "నువ్వే విప్పు. నేను కోస్తే పాడవుతుంది." మేస్త్రి ఒక్కో కుట్టూ తెంపాడు. గుడ్డ తొలగగానే జాలీ బయటపడింది. "బ్యాటరీ ఈ సీటు వెనకే ఉంటుందన్నా. లోపలి ఫ్యాను దీంట్లోంచే గాలి పీల్చి దాన్ని చల్లబరుస్తుంది. ఇది మూసుకుపోతే లోపల ఉడికిపోతుంది. చలికాలంలో తట్టుకుంటుంది గానీ, ఈ ఎండలకు తట్టుకోలేదు."

ఇంటికొచ్చి భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"చలి అన్నది నేనే కదండీ" అంది.

"నువ్వు చలి అన్నావు. మూయమని అనలేదు."

బ్యాటరీ బాగయ్యేదాకా స్టాండు వాళ్ళు వంతులవారీగా ఆమెను తీసుకెళ్ళారు. బండి తిరిగొచ్చాక ఆమె ముందు సీట్లో, ఆయన పక్కన కూర్చునేది. తెర కళ్ళెదుటే ఉన్నా అంకె చదివేది కాదు. వానలు మొదలైన వారంలో ఆమె పోయింది. గుండె ముందు నుంచే బలహీనంగా ఉందని డాక్టర్ చెప్పాడు. ఆ ఒక్క రోజు ఆలస్యం గురించి అడిగితే, అవన్నీ ఇప్పుడు తలచుకోవద్దని భుజం తట్టాడు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళు నీ తప్పేం లేదని ఒట్టు పెట్టారు. ఎవరి మాటా ఆయనకు ఆనలేదు.

నెల తర్వాత షెడ్డుకు వెళ్ళాడు. మెకానిక్ ఏదో బండి కింద పడుకుని ఉన్నాడు. బయటికి కనిపిస్తున్న ఆ కాళ్ళతోనే మాట్లాడాడు.

"తమ్ముడూ, ఆ రోజు బండి ఆగకపోయుంటే మీ వదిన ఉండేదా?"

మెకానిక్ బయటికి జరిగి, లేచి కూర్చున్నాడు. చేతి మసి గుడ్డకు తుడుచుకుంటూ ఆలోచించాడు.

"బండి ఎందుకాగిందో నాకు తెలుసన్నా. వదిన సంగతి నాకు తెలియదు."

మేస్త్రి తలూపాడు. ఇన్నాళ్ళలో తెలియదని ఒప్పుకున్నవాడు ఇతనొక్కడే. పక్కనున్న పాత టైరు మీద కూర్చుని, మొదటిసారి ఒక మనిషి ముందు ఏడ్చాడు. మెకానిక్ ఓదార్చలేదు, తిరిగి బండి కిందకూ పోలేదు.