పుర్రచేతి కుట్టు

దయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. చదివింది మూడో తరగతే అయినా, కంటితో చూడనిది ఉందని చెప్పే అలవాటు నాకు లేదు. ఇదీ నమ్మమని రాయడం లేదు. జరిగింది రాస్తున్నాను.

కర్నూలు దగ్గర వృద్ధాశ్రమంలో నేనూ, మైదుకూరు సుబ్బమ్మా ఒకే గదిలో ఉండేవాళ్ళం. పాత చీరలు పారేయడం నాకు గిట్టదు. వాటిని పరిచి బొంత మొదలుపెట్టాం. మా ఊళ్ళలో బొంతను ఇద్దరు కుడతారు, చెరొక కొస నుంచి. నడుమ కలుసుకుంటే బొంత అయిపోయినట్టు. సుబ్బమ్మది పుర్రచేతి వాటం. ఆమె కుట్టు ఎడమకు ఒరుగుతుంది. ఎక్కడున్నా గుర్తుపడతాను.

"నీ వైపు ఇంకా శానా ఉండాదే, సోంబేరీ" అని రోజూ ఎత్తిపొడిచేది.

అంతలో కరోనా వచ్చింది. ఆమెను మేడ మీదికి మార్చారు. ఎవరి గదిలో వాళ్ళను ఉంచి తలుపులు వేశారు. అన్నం పళ్ళెం గుమ్మంలో పెట్టి పోయేవాళ్ళు. నెలలు గడిచాయి. మొదట వారాలు మరిచిపోయాను. తర్వాత ఫ్యానుతో మాట్లాడాను. ఒకరోజు నా పేరు పైకి అనుకుంటే, ఎవరి పేరో అన్నట్టు వినిపించింది.

బొంత నా దగ్గరే ఉంది. నా కొస నుంచి ఒక్కదాన్నే కుట్టుకుంటూ పోయాను. ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి అవతలి కొస నుంచి రెండు వరసలు పెరిగి ఉన్నాయి. ఎడమకు ఒరిగిన కుట్టు.

నేనే కుట్టి మరిచిపోయానా? దయ్యం కన్నా మతి పోవడమే నాకు భయం. ఎడమ చేత్తో సూది పట్టి చూశాను. నాలుగు కుట్లు పడకముందే వేలికి గుచ్చుకుంది. ఉన్నది ఒకటే సూది. దాన్ని కొంగులో ముడివేసుకుని పడుకున్నాను. అయినా వరసలు పెరిగాయి.

ఆయాకు చెప్పలేదు. చెబితే మతి చెడినవాళ్ళ గదికి పంపిస్తారు. నిజం చెప్పాలంటే, ఆ వరసల కోసమే మధ్యాహ్నం తొందరగా కళ్ళు మూసుకునేదాన్ని.

తలుపులు తీసిన రోజు బొంత చంకలో పెట్టుకుని మేడెక్కాను. సుబ్బమ్మ గోడ చూస్తూ కూర్చుంది. నన్ను గుర్తుపట్టలేదు. ఎడమ చెయ్యి మాత్రం ఒళ్ళోని దుప్పటి మీద లేస్తూ దిగుతూ ఉంది. వేళ్ళ మధ్య సూది లేదు.

"మధ్యాహ్నమైతే ఇదే పని అవ్వా. మాటా లేదు, పలుకూ లేదు. చెయ్యి ఆడిస్తానే ఉంటాది" అంది ఆయా.

బొంత ఆమె ఒళ్ళో పరిచాను. వేళ్ళు ఆ ఒరిగిన వరస వెంట నడిచి, చివరి కుట్టు దగ్గర ఆగాయి. నడుమ మిగిలిన జానెడు ఖాళీని తడిమాయి.

"నీ వైపు ఇంకా శానా ఉండాదే, సోంబేరీ" అంది.

అంతే. మళ్ళీ గోడ వైపు తిరిగింది.

ఆ వరసలు ఎవరు కుట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. పని సగంలో వదిలే మనిషిని కాను. అయినా ఆ జానెడు కుట్టలేదు. రోజూ మధ్యాహ్నం బొంత తీసుకుని మేడెక్కి ఆమె పక్కన కూర్చుంటాను. కుట్టేస్తే నాతో అనడానికి ఆమెకు ఆ ఒక్క మాటా ఉండదు.