ఎడిటింగ్‌లో ఉన్న రాజగోపాల్

రాజగోపాల్‌గారికి ఫోటో తియ్యడానికి రెప్పపాటు చాలు. తీసిన ఫోటో ఇంకొకరి చేతికి ఇవ్వడానికి మాత్రం కనీసం ఆరు నెలలు కావాలి. ఈలోగా ఎవరడిగినా, ఎలా అడిగినా, ఫోన్లో అడిగినా, ఇంటికొచ్చి అడ్డం పడుకుని అడిగినా ఆయన జవాబు ఒకటే: "ఎడిటింగ్‌లో ఉందండి."

ఆయన నోయిడాలో ఒక కంపెనీలో ఇంజనీరు. సొంతూరు అమలాపురం దగ్గర. ఢిల్లీ వచ్చి ఇరవై రెండేళ్లయినా కోనసీమ మర్యాద వదల్లేదు సరికదా, దాన్ని హిందీకి కూడా అంటించారు. ఆటోవాడితో "భయ్యా, జరా సైడ్ దీజియే అండి" అనేవారు. ఆటోవాడు ఆ 'అండి' ఎవరో అర్థంకాక వెనక్కి తిరిగి చూసేవాడు.

సెలవు దొరికితే చాలు, ఆయన తన పాత జీపు వేసుకుని గతుకుల సంఘంతో వెళ్లిపోయేవారు. అది నోయిడా, ఘాజియాబాద్‌లలో ఉండే తెలుగువాళ్ల తొమ్మిది బళ్ల గుంపు. జీపులు, జిప్సీలు, ఒక బొలెరో. రోడ్డు నున్నగా ఉంటే వీళ్లకి దిగులు. తారు ఎక్కడ అయిపోతుందో అక్కడ వీళ్ల ఆనందం మొదలయ్యేది. బురదలో దిగి, రాళ్లెక్కి, వాగులు దాటి, సాయంత్రానికి ఎవరి బండి ఏ రంగో తెలియకుండా తిరిగొచ్చేవారు. ఆ రంగులన్నీ రాజగోపాల్‌గారి కెమెరాలో భద్రంగా ఉండేవి. అతి భద్రంగా.

సంఘంలో సుహాస్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉండేవాడు. అతను జిప్సీ బానెట్ మీద నిలబడి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, పెళ్లిసంబంధాల వాళ్లకి పంపడానికని ప్రత్యేకంగా ఒక ఫోటో తీయించుకున్నాడు. అది ఎడిటింగ్‌లో ఉండగానే అతనికి సంబంధం కుదిరింది. ఎడిటింగ్‌లో ఉండగానే పెళ్లయింది. ఆ ఫోటో ఉన్న సీడీ చివరికి అతని కూతురి బారసాలకి అందింది. పెళ్లాం చూసి, "ఈ ఫోటో ముందే చూసుంటే ఒకసారి ఆలోచించేదాన్ని" అందట.

ప్రయాణంలో బండి ఆగిన ప్రతిచోటా రాజగోపాల్‌గారు బానెట్ మీద లాప్‌టాప్ పరిచి, కెమెరాలో కార్డు తీసి ఫోటోలు కాపీ చేసేవారు. ఒక కాపీ లాప్‌టాప్‌లోకి, ఇంకో కాపీ విడిగా డిస్కులోకి. అంతసేపూ ఎవరూ ఇంజన్ స్టార్ట్ చేయడానికి వీల్లేదు.

"ఎందుకండీ?" అని అడిగాడు సుహాస్ ఒకసారి.

"కుదుపుకి బైట్లు రాలిపోతాయండి."

ఇంట్లో తతంగం ఇంకా ఘనంగా ఉండేది. కంప్యూటర్ గదికి నల్ల తెరలు. స్క్రీన్ మీద వేరే రంగు నీడ పడకూడదని ఆయన బూడిదరంగు చొక్కా తొడుక్కుని కూర్చునేవారు. ఆయన భార్య సరోజినిగారు కాఫీ తెస్తే గుమ్మంలోనే ఆపేసేవారు.

"ఆ ఎర్ర చీరతో లోపలికి రాకు సరోజినీ. ధర్మయ్యగారి మొహం ఎర్రబడుతోంది."

"ఆయన మొహం ఎప్పుడూ అంతేగా" అని ఆవిడ కాఫీ అక్కడే పెట్టి పోయేవారు.

ఈ ధర్మయ్యగారే సంఘానికి పెద్ద. కరీంనగర్ మనిషి, ఘాజియాబాద్‌లో కాంట్రాక్టరు. ఎవరి బండి ఎక్కడ దిగబడినా తాడేసి లాగేది ఆయనే. లాగినంతసేపూ తిట్టేదీ ఆయనే.

మైథిలి ఈ సంఘంలో చేరింది రెండువేల ఏడు జనవరిలో. వయసు ఇరవై ఎనిమిది, ఊరు తెనాలి, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కరోల్ బాగ్‌లో ఒక తెల్ల జిప్సీ సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కుంది. స్టీరింగ్ పట్టుకున్న ఆడమనిషి తొమ్మిది బళ్లలోనూ ఆమె ఒక్కతే. ఆమె కల కూడా ఒక్కటే, జూలైలో సంఘం వెళ్లబోయే లడాఖ్.

మార్చిలో, హిమాలయాల అంచున ఉన్న కోట్‌ద్వార్ ఊరు దాటాక ఒక వాగు దగ్గర ఆ కల కాస్తా నీళ్లలో పడింది.

నాలుగు బళ్లు సులువుగా దాటాయి. అయిదోది మైథిలిది. నడి వాగుకి వచ్చేసరికి బండి కొంచెం పక్కకి జారింది. ఆమె కంగారుపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, క్లచ్ తొక్కేసింది. ఇంజన్ ఆగిపోయింది. నీళ్లు తలుపు కిందనుంచి లోపలికొచ్చి ఆమె చెప్పుల్ని మెల్లగా అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టాయి. రెండు చేతులూ స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. ఉన్నట్టుండి భోరుమని ఏడ్చేసింది.

కన్నీళ్ల మధ్య ఆమెకి ఒడ్డున ఒక బండరాయి, దాని మీద రాజగోపాల్‌గారు, ఆయన కంటి దగ్గర కెమెరా కనిపించాయి. టకటకా ఫోటోలు తీస్తూనే ఉన్నారాయన.

ధర్మయ్యగారు ప్యాంటు మడిచి దిగి, తాడు కట్టి, బండిని ఒడ్డుకి లాగారు. లాగాక అందరి ముందూ చెప్పారు.

"సూడు బిడ్డా, లడాఖ్ తొవ్వల ఇసుంటి వాగులు పది ఉంటయ్. ఆడ తాడేసేటోడు ఉండడు. రాజగోపాల్ సాబ్ ఫోటోలు రానియ్యి. అందరం గూసొని జూద్దాం, ఎవరు రావాల్నో ఎవరు ఇంట్ల ఉండాల్నో."

ఆ రోజు నుంచి సంఘంలో ఫోటోలకి భయపడే మొదటి మనిషి అయింది మైథిలి. మిగతా అందరూ సీడీ ఎప్పుడొస్తుందని ఎదురుచూస్తుంటే, ఈమె ఎప్పటికీ రాకూడదని మొక్కుకునేది. ఆఫీసు క్యాబ్‌లో కూర్చున్నా, క్యాంటీన్లో పరాఠా తింటున్నా, గోడంత తన ఏడుపు మొహం, దాని ముందు మిగతా ఎనిమిది బళ్లవాళ్ల కళ్ళు కనబడేవి. పదిరోజులకోసారి ఫోన్ చేసేది.

"అంకుల్, కోట్‌ద్వార్ ఫోటోలు..."

"ఎడిటింగ్‌లో ఉందమ్మా."

"హమ్మయ్య" అనేసి, నాలిక్కరుచుకుని, "అదే, పర్లేదు అంకుల్, నిదానంగా చేసుకోండి" అనేది. ఆయన జీవితంలో నిదానంగా చేసుకోమన్నది ఈ అమ్మాయొక్కతే.

మే నెలలో ఒక శనివారం పొద్దున ఆయనే ఫోన్ చేశారు.

"అమ్మాయ్, కొత్త లెన్స్ కొన్నాను. పరీక్షించాలి. నీ జిప్సీ తెల్లగా ఉంటుంది కదా, వెలుతురు బాగా పడుతుంది. యమున ఒడ్డుకి తీసుకురాగలవా?"

నోయిడా వెనక యమున ఒడ్డున ఇసుక, ఆ ఇసుకలో మోకాలి లోతు పాయ ఒకటి. నీళ్లు నల్లగా ఉన్నాయి. వాసనకి మైథిలి చున్నీ ముక్కుకి కట్టుకుంది.

"వాసన ఫోటోలో పడదులే" అన్నారు రాజగోపాల్‌గారు. "ముందు ఈ కర్ర పట్టుకుని అటుదాకా నడిచి రా. ఎక్కడ ఎంత లోతుందో తెలిస్తే నేను ఫోకస్ పెట్టుకుంటాను."

ఆమె నడిచొచ్చింది. బండెక్కింది. పాయ మధ్యలో ఆగిపోయింది.

"అరెరే, క్లచ్ తొక్కేశావా? బండి కుదిపితే ఫోటో చెదిరిపోతుందమ్మా. మళ్లీ."

మళ్లీ ఆగిపోయింది.

"కాలు తీసేస్తే నీళ్లు చిమ్మడం ఆగిపోతుంది కదా. మొదటి గేర్లో ఒకే వేగంతో రావాలి. నీళ్లు ఫోటోలో పువ్వులా విచ్చుకోవాలి. మళ్లీ."

నాలుగోసారి దాటింది. మైథిలి సంబరంగా చేతులూపింది.

"బాగుందిగానీ మబ్బొచ్చింది. మళ్లీ."

అయిదోసారి పక్షి అడ్డమొచ్చింది. ఎనిమిదోసారి ఆయనకి తుమ్మొచ్చింది. పదకొండోసారి బండి నంబరు ప్లేటు సరిగా నవ్వలేదన్నారు. ఒడ్డున గేదెలు కాసుకునే ఒకాయన బీడీ ఆర్పేసి, "దీదీ, ఏమైనా పోగొట్టుకున్నారా?" అని హిందీలో అడిగాడు. పదిహేనోసారికి మైథిలికి భయం పోయి కోపం వచ్చింది. ఇరవయ్యోసారికి కోపం కూడా పోయి, ఒక చేత్తో చెమట తుడుచుకుంటూ దాటేసింది. ఇరవై రెండోసారి తర్వాత ఆయన కెమెరా దించారు.

"ఆఁ. ఇదీ ఫోటో అంటే."

"ఒకసారి చూపించండి అంకుల్."

"ఎడిటింగ్ చెయ్యకుండా ఎలాగమ్మా?"

ఆమె ఇంటికి పోయి మంచమ్మీద అడ్డంగా పడి, ఈ మనిషికి ఇంకెప్పుడూ బండి ఇవ్వకూడదని ఒట్టు పెట్టుకుంది.

జూన్‌లో ధర్మయ్యగారు పట్టుబట్టేసరికి ఒక ఆదివారం మధ్యాహ్నం రాజగోపాల్‌గారింట్లో ఫోటోల ప్రదర్శన పెట్టారు. కిటికీలన్నీ మూసి, గోడకి తెల్ల దుప్పటి కట్టారు. ఎవరో ఆఫీసు ప్రొజెక్టర్ తెచ్చారు. మైథిలి తలుపు పక్కన, పారిపోవడానికి వీలుగా కూర్చుంది.

ఒక్కో ఫోటో వస్తుంటే జనం ఈలలు వేస్తున్నారు. కొండ మలుపుల్లో వరసగా బళ్లు. పొయ్యి మీద టీ. వాగు. మొదటి బండి దాటింది. రెండోది, మూడోది, నాలుగోది. మైథిలి చెయ్యి తలుపు గడియ మీదకి వెళ్లింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

ఆ చీకట్లో ఆమె ఎంత హాయిగా ఊపిరి పీల్చుకుందంటే, పక్కనున్న సుహాస్ "ఉక్కగా ఉందా?" అని అడిగాడు. సొసైటీ జెనరేటర్ మాత్రం దయలేనిది. నిమిషంలో అందుకుంది.

తెర మీద ఆరో బండి వాగు దాటుతోంది.

"ఆగుండ్రి" అన్నారు ధర్మయ్యగారు. "కింద నంబర్లు సూస్తున్న. నూటనలభై రెండు తర్వాత నూటఎనభై ఆరు వచ్చిందేంది? నడుమవి ఏడ వోయినయ్?"

"అవి ఎడిటింగ్‌లో ఉన్నాయండి."

"మూడు నెలలైంది సాబ్!"

"ఇంకొకటుంది, చూడండి" అని రాజగోపాల్‌గారు మీట నొక్కారు.

దుప్పటి నిండా తెల్ల జిప్సీ. రెండు పక్కలా నీళ్లు రెక్కల్లా లేచాయి. స్టీరింగ్ దగ్గర మైథిలి, దవడ బిగించి, ఎదర ఒడ్డుని తప్ప దేన్నీ చూడకుండా ఉంది.

"గిది మే నెలది గదా" అన్నారు ధర్మయ్యగారు తేదీ చదివి. "నాకు వాగుది గావాలె."

"తేదీ నేనే వేశానండి, దాచలేదు. వాగులో బండి ఆగిపోవడం మీరు కళ్లారా చూశారు, తాడేసింది మీరే. చూసినదానికి మళ్లీ ఫోటో ఎందుకు? ఆ తర్వాత ఈ అమ్మాయి ఏం నేర్చుకుందో మీరు చూడలేదు. ఫోటో దానికి కావాలి."

ధర్మయ్యగారు మైథిలి వైపు తిరిగారు. "ఎన్నిసార్లు దాటినవ్ బిడ్డా?"

"ఇరవై రెండుసార్లు అంకుల్."

"ఆగిందా?"

అబద్ధమాడాలని నోటిదాకా వచ్చింది. "మొదటి మూడుసార్లు ఆగింది. తర్వాత ఆగలేదు."

ఆయన మీసం దువ్వుకుని ఇంకోసారి ఫోటో చూశారు. "జూలై ఏడు, పొద్దుగాల ఐదింటికి. ఆలస్యమైతే ఇడిసిపెట్టి పోత."

మైథిలికి మూడు నెలల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. కుర్చీలోనే కూర్చుని పిచ్చిదానిలా నవ్వింది.

అందరూ టీలు తాగుతుండగా ఆమె వంటింట్లో సరోజినిగారికి కప్పులు అందిస్తూ, "ఆంటీ, నెలల తరబడి అంత కష్టపడతారా అంకుల్?" అంది.

"కష్టమా!" అన్నారావిడ. "రెండు రోజుల్లో పని ముగించేస్తారమ్మా. మిగతా నెలలన్నీ ఆ గదిలో కూర్చుని పాత పాటలు వింటారు."

మైథిలి తిన్నగా కంప్యూటర్ గదిలోకి వెళ్లింది. అదృష్టవశాత్తూ ఆమె చుడీదార్ రంగు బూడిదే. రాజగోపాల్‌గారు సీడీలు రాస్తున్నారు.

"అంకుల్, నావి నలభై మూడు ఫోటోలు ఉన్నాయి. నాకు చూపించండి."

ఆయన ఒక క్షణం తటపటాయించి ఒక ఫోల్డర్ తెరిచారు. దాని పేరు 'ఎడిటింగ్‌లో ఉన్నవి'. వరసగా చిన్న చిన్న బొమ్మలు. ఆయన గబగబా కిందికి జరిపారుగానీ ఆమె కళ్ళు అంతకంటే చురుకు. బురదలో బోర్లా పడ్డ సుహాస్. కొండ మలుపులో కళ్ళు మూసుకుని దండం పెడుతున్న బొలెరో యజమాని. ఒక ట్రాక్టర్ లాక్కుపోతున్న జీపు. జీపు మీద చెప్పులు చేత్తో పట్టుకుని, గొడుగేసుకుని కూర్చున్న సాక్షాత్తూ ధర్మయ్యగారు.

"అది చూడలేదనుకో" అన్నారు రాజగోపాల్‌గారు కంగారుగా.

"ఇవన్నీ ఇవ్వనప్పుడు మిగతావైనా వెంటనే ఇచ్చేయొచ్చు కదా అంకుల్? అందరిచేతా ఎందుకు తిట్లు తినడం?"

"మిగతావన్నీ వెంటనే ఇచ్చి ఒక్క నీవే ఆపితే, ఎందుకాపానని అడగరా? అందరికీ ఆలస్యమైతే ఎవరూ అడగరు. రాజగోపాల్‌కి పిచ్చి అనుకుంటారు. అనుకోనీ." ఆయన తన ఫోటో ఒకటి చూపించారు. లెన్స్ మూత తియ్యకుండా కొండలకి గురిపెడుతున్న ఫోటో, సుహాస్ తీసింది. "నాదీ ఎడిటింగ్‌లోనే ఉంది."

"మరి యమున దగ్గర తీసింది ఒక్కటే ఉందేం?"

"మిగతా ఇరవై ఒక్కసార్లూ కెమెరాలో కార్డే పెట్టలేదమ్మా."

ఆమెకి కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. ఈలోగా ఆమె వాగు ఫోటో తెరమీద పెద్దదిగా వచ్చింది. నోరు బార్లా తెరిచి ఏడుస్తున్న మొహం. చినుకైనా లేని ఎండలో, ముందు అద్దం మీద రెండు వైపర్లూ పూర్తి వేగంతో ఊగుతున్నాయి. కంగారులో ఎప్పుడు నొక్కిందో ఆమెకే తెలీదు. చూసి చూసి పకపకా నవ్వేసింది.

"తీసెయ్యమంటావా? నీ ఫోటోలు, నీ ఇష్టం."

"వద్దు. ఉంచండి."

కింద గేటు దగ్గర ధర్మయ్యగారు తన జీపుకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆమెని చూడగానే చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"బిడ్డా, ఆ కంప్యూటర్ రూమ్‌లకు పోయినవ్ గదా. అండ్ల ఒక ట్రాక్టర్... అది గిట్ట కనబడ్డదా?"

మైథిలి అమాయకంగా కళ్ళు విప్పింది. "ఏ ట్రాక్టరు అంకుల్?"

ధర్మయ్యగారి మొహంలో ఎండ కాసింది. "ఏం లే, ఏం లే" అని జీపెక్కి, స్టార్ట్ చేసి, పోతూ పోతూ తల బయట పెట్టి కేకేశారు. "లడాఖ్‌ల నా ఎన్క బండి నీదే. రెండో నంబరు!"