బాబాయి తొందర చప్పట్లు

చప్పట్లు కొట్టడంలో బాబాయికున్న తొందర పొయ్యి మీద పాలకు కూడా ఉండదు. ఎదుటివాళ్ళ పని పూర్తయిందా లేదా అన్నది ఆయనకు పట్టదు. సభలో వక్త మాట దొరక్క గొంతు సవరించుకుంటే చాలు, ప్రసంగం ముగిసిందని హాలు దద్దరిల్లేలా కొట్టేస్తాడు. ఒకసారి క్షౌరశాలలో, పక్క కుర్చీ ఆయనకు సగం తల కాగానే "శభాష్!" అని చప్పట్లు చరిచాడు. మంగలి పనైపోయిందనుకుని గుడ్డ దులిపేశాడు. సగం తలాయన వీధి మలుపు దాకా వెళ్ళి, మనుషులు నవ్వుతుంటే వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

అలాంటి మనిషిని పియానో పరీక్షకు తీసుకెళ్ళడమంటే కొరివితో తల గోక్కోవడమే. అన్నగారి కూతురికి ఆ భయమే పట్టుకుంది. నిరుడు ఇదే పరీక్షలో, నిండు సభలో, మధ్యలో మరిచిపోయి లేచి వచ్చేసింది. ఈసారి తప్పితే మళ్ళీ కూర్చోనివ్వరు. సంగీత పాఠశాలలో చేతికందబోతున్న టీచరు ఉద్యోగమూ ఆవిరైపోతుంది. పైగా వాయించాల్సింది కొమ్ములు తిరిగినవాళ్ళే జంకే సొనాటా అనే పెద్ద రచన. మూడు భాగాలు, పుస్తకం చూడకుండా.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతా. ఒక భాగానికీ ఇంకో భాగానికీ నడుమ చప్పట్లు కొట్టకూడదు. అది మర్యాద."

"మరి ఆ నడుమ ఏం చేస్తారే?"

"ఊరికే కూర్చుంటారు."

"పాపం!" అన్నాడు బాబాయి.

"చేతుల మీద కూర్చోబెడతాన్లే ఈయన్ని," అని పిన్ని పూచీ పడింది.

మొదటి భాగం గుర్రంలా పరుగెత్తింది. రెండోది నెమ్మది, అదీ గట్టెక్కింది. అమ్మాయి చేతులు ఒళ్ళోకి దించుకుంది. ఊపిరి తీసుకుంది. మూడోది మొదలుపెడదామని మీటల వంక చూసింది.

ఏమీ లేదు. బుర్ర కడిగిన పలకలా ఉంది.

కుడి చెయ్యి లేచి గాల్లో ఆగిపోయింది. హాల్లో కుర్చీ కిర్రుమంది. బట్టతల పరీక్షకుడు కలం మూత తీశాడు. నిరుడు కూడా సరిగ్గా ఇలాగే తీశాడు. అమ్మాయి లేచిపోదామని మడమ వెనక్కి జరిపింది.

అప్పుడు మోగాయి చప్పట్లు.

"శభాష్! అద్భుతం!" బాబాయి లేచి నిలబడ్డాడు. పిన్ని చొక్కా పట్టుకు లాగుతోంది. జనం ఉష్ ఉష్ మంటున్నారు.

"కూర్చోండి! ఇంకో భాగం ఉంది!" కళ్ళద్దాల పరీక్షకురాలు బల్ల చరిచింది.

"ఇంకా ఉందా అండీ? అయిపోయిందనుకున్నా!"

"మీకసలు సంగీతం తెలుసా?"

"బొత్తిగా తెలీదండీ!"

హాలంతా గొల్లుమంది. అందరి కళ్ళూ ఆయన మీదే. అమ్మాయిని చూసే నాథుడు లేడు. ఆమె ఎడమ చెయ్యి తనంతట తానే మెల్లగా పాక్కుంటూ వెళ్ళి, ఎడమ కొసన ఉన్న మీట మీద వాలింది. అంతే, దారి దొరికింది. నవ్వు ఆగేలోగా మూడో భాగం ఉరుములా విరుచుకుపడింది.

చివర హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. తర్వాత బట్టతలాయన తీర్పు చెప్పాడు. "మొదటి భాగంలో తొందరెక్కువ. రెండోదానిలో పెడల్ తొక్కి స్వరాలన్నీ ముద్ద చేశారు. మూడోదానిలో ఎడమ చేతికి వంక పెట్టలేం. ఉత్తీర్ణులయ్యారు. కానీ మూడో భాగానికి ముందు మీరు నిలిపిన ఆ గంభీరమైన నిశ్శబ్దాన్ని ఆ పెద్దమనిషి పాడుచేశాడు. ఆయన్ని ఇంకెప్పుడూ తీసుకురాకండి."

బయట మెట్ల మీద అమ్మాయి బాబాయిని నిలదీసింది. "రోజూ గోడ అవతలి నుంచి నా సాధన వింటావుగా. మూడు భాగాలని నీకు తెలీదూ?"

"తెలీకేం! మూడోది మొదలెట్టేది ఎడమ చేత్తో. నువ్వేమో కుడి చెయ్యి ఎత్తి కూర్చున్నావు."

"అందుకని అంతమందిలో తిట్లు తింటావా?"

"నన్ను తిడుతున్నంతసేపూ నిన్నెవరూ చూడరు కదే!"

అమ్మాయికి ఏడుపు రాబోయి నవ్వొచ్చింది. ఉన్నట్టుండి ఇంకో సంగతి తట్టింది. "అన్నట్టు, చివర్లో అందరూ లేచి కొట్టారుగా. నువ్వు మాత్రం కుర్చీలోంచి కదల్లేదేం?"

బాబాయి ఇందాకటి చప్పట్లకు ఎర్రబడ్డ అరచేతులు జేబుల్లో దాచుకున్నాడు.

"అప్పుడు నీకు నాతో ఏం పనే? అందరూ ఉన్నారుగా."