బొగ్గుతో ఎత్తెక్కిన మోటారు

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. దించుకోవడానికి చోటు దొరకలేదో, దించుకోవాలన్న మనసే నాకు లేకపోయిందో, ఇప్పటికీ తేల్చుకోలేను. ఇంటిదానికి చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలియదు కాబట్టి నీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నేను మేడ్చల్‌లో కిరాయి మోటారు నడిపేవాణ్ణి. అది రహమత్ బీ కారు. ఆమె భర్త కొన్నాడు. ఆయన జ్వరమొచ్చి పోయాక ఆమెకు మిగిలినవి ఆ కారు, శామీర్‌పేట చెరువు కింద ఒక వరిమడి, ముసలి అత్త. నేను ఆమెను ఆపా అనేవాణ్ణి, ఆమె నన్ను తమ్మీ అనేది. ఆసుపత్రికి పోయే రోగులు, పెళ్లివాళ్లు, సికింద్రాబాదులో రైలు అందుకోవలసిన పెద్దమనుషులు, ఇవీ మా బేరాలు. మడి అన్నం పెట్టేది. పై ఖర్చులు మోటారు చూసుకునేది.

యుద్ధం ముదిరేసరికి పెట్రోలుకు కూపన్లు వచ్చాయి. వాటితో వచ్చేది నాలుక తడుపుకోవడానికి కూడా చాలదు. కారు కొట్టంలో పడుకుంది. అప్పుడే కొందరు కారు వెనకాల పెద్ద ఇనుప పీపా కట్టించి, అందులో బొగ్గు రాజేసి, ఆ గ్యాసుతో ఇంజను నడపడం మొదలుపెట్టారు. బండి కదలడానికి కాస్త పెట్రోలు కావాలి. గ్యాసు అందుకున్నాక పెట్రోలు కట్టేయాలి. బొగ్గు చవక, మన తుమ్మచెట్ల బొగ్గే. ఆపాకు ఆశ పుట్టింది. కానీ పీపా కొనాలంటే మడి అమ్మాలి.

ఆమె తొందరపడే మనిషి కాదు. సికింద్రాబాదు మిస్త్రీని బతిమాలి, ఒక్క రోజు కోసం పీపా మా కారుకు కట్టించింది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా పోయి వద్దామంది. అదే దారికి పెట్రోలు ఎంత తాగేదో మాకు తెలుసు. బొగ్గు ఎంత తింటుందో, అసలు లాగుతుందో లేదో తనే చూస్తానంది. చూడటమంటే వినడమే. ఆమె పరదా మనిషి. వెనక సీటులో అత్త పక్కన కూర్చునేది, ముందు సీటుకూ వెనక సీటుకూ నడుమ మందపాటి తెర.

చదును దారిన కారు బాగానే పోయింది. శామీర్‌పేట దగ్గరి ఎత్తు మీద ఆయాసపడింది, దగ్గింది. ఇంకో గజం పోతే ఆగిపోతుందని నా కాళ్లకు తెలిసింది. ఆగితే ఆమె పీపా కొనదు. కారు కదలదు. నేను మా నాయిన వెనక మోట కొట్టుకోవాలి. ఊళ్లో నన్ను డ్రైవర్ సాబ్ అంటున్నారు. ఆ పిలుపు రుచి మరిగాను. ఇంత చిన్న రుచికా? అవును, అంత చిన్న రుచికే. చెయ్యి పోయి పెట్రోలు వదిలింది. చెయ్యి పోయింది అంటున్నాను చూడు, నేను వదిలాను అనడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు. నేనే వదిలాను.

కారు గుర్రంలా ఎక్కింది. తెర వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"తమ్మీ, మోటరు సప్పుడు మారినట్టున్నది?"

"బొగ్గు ఇప్పుడు మంచిగ అంటుకున్నది ఆపా. గందుకే జల్దీ ఎక్కుతాంది."

"పెట్రోలు ఇడువలే గద?"

"లేదాపా."

"నువ్వు లేదంటే ఇగ లేనట్టే. మడి బేరం పెడత."

అప్పుడైనా తెర పక్కకు లాగి చెప్పి ఉండవచ్చు. నేను దారి చూస్తూ కూర్చున్నాను. అందరు డ్రైవర్లూ ఎత్తు మీద కాస్త పెట్రోలు వదులుతారు, ఇదేం పెద్ద దొంగతనం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజమే, అందరూ వదులుతారు. కానీ వాళ్లు ఒక ఆడమనిషి అన్నం ముద్దను పణంగా పెట్టి వదలలేదు.

మడి అమ్మేసింది. పీపా వచ్చింది. తర్వాత సంగతి నువ్వే ఊహించగలవు. ప్రతి ఎత్తుకూ వదలడానికి పెట్రోలు ఎక్కడిది? ఎత్తు వచ్చిన చోటల్లా బేరగాళ్లు దిగి తొయ్యాలి. పెళ్లికొడుకు మసి మొహంతో పందిట్లో దిగాడని ఊరంతా నవ్వింది. తెల్లవారితే బూడిద తియ్యాలి, గొట్టాలు కడగాలి, బొగ్గు రాజేసి విసరాలి. బొగ్గు చవకే, ఆ మాట అబద్ధం కాదు. బండికయ్యే ఖర్చు దాని తిండి ఒక్కటే కాదని మాత్రం నేను ఆమెకు చెప్పలేదు. జనం మళ్లీ ఎడ్లబండ్లే మేలనుకున్నారు. మసి పట్టి ఇంజను పాడైంది. చివరికి కారు పాత ఇనుము కింద అమ్ముడుపోయింది. తన మడిలో పండిన బియ్యం తిన్న మనిషి, పరదా వదిలి, పరాయి ఇళ్లలో వడ్లు దంచింది.

నన్ను ఒక్క మాట అనలేదు. పైగా అడిగినవాళ్లందరికీ, తమ్మి ఉన్నదున్నట్టు చూపెట్టాడు, నా నసీబే బాగలేదు అని చెప్పేది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. నిజం చెప్పేద్దామని రెండుసార్లు ఆమె గడప దాకా పోయాను. రెండుసార్లూ నీళ్లిచ్చి, పిల్లలు బాగున్నారా అని అడిగింది. తాగి వచ్చేశాను.

ఆమె పోయిన రోజు ఖబరస్తానులో ఒక మూలన నిలబడ్డాను. ఆమె తరఫు మగవాళ్లు తక్కువ. వాళ్లలో ఒక పెద్దాయన నన్ను పిలిచి, నువ్వు తమ్ముడిలాంటివాడివి, నువ్వూ మన్ను వెయ్యి అన్నాడు. నేను ఆ మాటకు అర్హుణ్ణి కాదని అందరి ముందూ చెప్పవలసింది అక్కడే. చెప్పలేదు. వంగి దోసెడు మన్ను తీసి వేశాను. ఆమెకంటూ చివరికి దక్కిన నేల అదే.

మాఫీ ఇవ్వవలసిన మనిషి లేదు. నువ్వు ఇవ్వలేవు, నేను నిన్ను అడగడమూ లేదు. ఎత్తు మీద పెట్రోలు వదిలింది నేను, లేదన్నది నేను. ఇన్నాళ్లకు ఈ రెండు మాటలూ ఒక మనిషికి చెప్పగలిగాను.