చక్రాల్లేని కారూ, నాన్న వ్యానూ

ఆ రోజుల్లో జగ్గయ్యపేటలో కంప్యూటరంటే దేవుడి గది తర్వాత అంత మడిగా చూసుకునే వస్తువు. చెప్పులు బయట విడవాలి, కాళ్లు పట్టా మీద తుడుచుకోవాలి, పెద్దగా మాట్లాడకూడదు (దుమ్ము పడితే లోపలి అక్షరాలు చెరిగిపోతాయని మా సెంటరు సారే చెప్పాడు, నవ్వకుండా). ఇప్పుడు జేబులో ఫోను వేసుకుని తిరిగేవాళ్లని చూస్తే ఆ భయభక్తులన్నీ ఏమయ్యాయా అనిపిస్తుంది. నాకు మాత్రం భయం అనే మాట వింటే ఆ చల్లని గదీ, అందులో నేనాడిన రేసు ఆటా గుర్తొస్తాయి.

డిగ్రీ అయి ఖాళీగా ఉన్నానని మా నాన్న నన్ను ఆ సెంటర్లో చేర్పించాడు. నేర్చుకోవాల్సింది నేర్చుకోకుండా నేను ఒక సీడీ దగ్గర ఆగిపోయాను. కొన్ని వందల ఏళ్ల తర్వాత జరిగే రేసట అది. కార్లకు చక్రాలుండవు, నేలకు జానెడెత్తున తేలుతూ పోతాయి. దారి ఆకాశంలో వేలాడుతుంటుంది, ఉన్నట్టుండి గొట్టంలో దూరుతుంది, తలకిందులవుతుంది, కొన్నిచోట్ల పక్కన గోడ కూడా ఉండదు. కింద దీపాలు వెలిగే ఊరు, ఎంత లోతున ఉందో తెలియదు. గోడకు రాసుకుంటే కారు బలం తగ్గుతుంది, మెరిసే పట్టీ మీదుగా పోనిస్తే మళ్లీ పుంజుకుంటుంది. అంత అందమైన భయం నేను మళ్లీ ఎక్కడా పడలేదు. గోడలేని మలుపు వస్తే పడిపోతానని కుర్చీలోనే రెండో పక్కకి ఒరిగిపోయేవాణ్ణి. ("అంత భయమైతే ఎందుకురా ఆడటం" అనేవాడు పక్క సీటు బక్కోడు. మర్నాడు సెంటరు తలుపు తియ్యకముందే వెళ్లి నిలబడేవాణ్ణి.) ఒక్కటే సుఖం, ఆ లోకంలో ఎదురొచ్చేవాడుండడు. అందరూ ఒకే వైపు పోతారు. బ్రేకుతో పని లేదు, క్లచ్చూ గేర్లూ అసలే లేవు.

మా నాన్నది పప్పుదినుసుల టోకు వ్యాపారం. మాటలు కూడా తూచి ఇచ్చే మనిషి, నా విషయంలో ఆ తూకం ఎప్పుడూ తరుగే. ఒకరోజు నేనేం వెలగబెడుతున్నానో చూద్దామని వచ్చి, చెప్పులు విడిచి, నా వెనక నిలబడ్డాడు. నేను గొట్టంలో ఉన్నాను, చూడలేదు. రేసు గెలిచి తిరిగి చూస్తే నాన్న. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన తిట్టలేదు. నుదుటి చెమట తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ పూట అన్నం దగ్గర అమ్మతో అన్నాడు:

"మనోడు బానే తోలుతున్నాడే. చూస్తుంటే నాకే గుండె జారింది గానీ, వాడు రెప్ప వెయ్యలా."

నేను పుట్టిన దగ్గర్నుంచి ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. అది ఆట నాన్నా, బండి కాదు అని చెప్పాల్సిన నోరు ముద్ద నములుతూ ఉండిపోయింది.

ఆ వారంలోనే మా వ్యాను తోలే డ్రైవరు మామ తన చెల్లెలి పెళ్లని వత్సవాయి వెళ్లాడు. నందిగామ కొట్టుకు కందిపప్పు బస్తాలు చేర్చాలి. నాన్న తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. లైసెన్సు సంగతి ఎవరూ అడగలేదు, ఆ రోజులు అలాంటివి. ఇంట్లో ఎవరు కొత్తగా బండి పట్టినా ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మా ఆచారం. అమ్మ పెట్టింది. శెట్టిగారబ్బాయి వ్యాను తోలుతున్నాడని వీధి వీధంతా అరుగుల మీదికొచ్చింది. పక్క సీట్లో కూర్చుని చూసిన జ్ఞానంతో తాళం తిప్పాను. వ్యాను ఎగిరిపడి ఆగిపోయింది. మళ్లీ తిప్పాను. ఈసారి వెనక్కి పోయింది. నిమ్మకాయలు చెక్కుచెదరలేదు.

"ముందుకు పోవాల్సింది వెనక్కి పోతందేంటండీ," అంది ఎదురింటి పిన్నిగారు.

"వాణ్ణి కంగారుపెట్టకమ్మా. జాగా చూసుకుంటున్నాడు," అన్నాడు నాన్న, వచ్చి నా పక్కన ఎక్కి కూర్చుంటూ.

చివరికి ఒక నిమ్మకాయ నలిగింది, రెండోది మురుక్కాలవలోకి దొర్లిపోయింది. అది శుభమో అశుభమో ఎవరూ తేల్చకముందే మేం మలుపు తిరిగాం.

చిల్లకల్లు దాకా మొదటి గేరులోనే పోయాం. సైకిళ్లు మమ్మల్ని దాటిపోతున్నాయి. ఆటలో గోడకు తగిలితే బలం తగ్గుతుంది, అంతే. ఇక్కడ గోడ పక్కన ముసలాయన పేపరు చదువుకుంటున్నాడు. గేదెలు అడ్డమొస్తే ఆటలో మీట మీంచి వేలు తీసినట్టే కాలు ఎత్తేసి ఊరుకున్నాను, బండి దానంతటదే ఆగుతుందని. ఆగలేదు. గేదెలే దయతలచి జరిగాయి. నాన్న ఒక చేత్తో తలుపు కమ్మీ, ఇంకో చేత్తో జంధ్యం పట్టుకున్నాడట, తర్వాత అమ్మ చెప్పింది. అంతలో హైవే కనబడింది. నందిగామ దాటిన ఊపులో లారీలు ఎదురుగా వచ్చేస్తున్నాయి. చచ్చిపోతానని నిజంగానే భయపడ్డాను. అయినా నోరు తెరవలేదు. నాకు రాదని ఒక్క మాటంటే, అన్నం దగ్గర విన్న ఆ మాట వెనక్కి పోతుంది. అది పోవడం చావుకన్నా భయంగా ఉంది.

"ఆపరా, టీ తాగుదాం," అన్నాడు నాన్న.

బయట మంచినీళ్లయినా ముట్టని మనిషి. కాలికి ఏది దొరికితే అది తొక్కాను. వ్యాను టీకొట్టు బల్లకు బెత్తెడు దూరంలో దగ్గి ఆగింది. నాన్న గ్లాసు అందుకుని సగం టీ పంచె మీదే ఒంపుకున్నాడు.

"ఎండెక్కువగా ఉంది, నీ కళ్లు మండుతాయి. ఇక్కణ్ణుంచి ఇంకెవరినైనా తోలమందాం," అన్నాడు. కొట్టు దగ్గర ఖాళీగా ఉన్న డ్రైవరొకాయన ఒప్పుకున్నాడు. బస్తాల మీద కూర్చుని, బతికి ఉన్నందుకు నందిగామ దాకా దేవుళ్లందరికీ దణ్ణాలు పెట్టుకున్నాను.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు నాన్న పేట పొలిమేరలోనే వ్యాను ఆపించి, ఆ డ్రైవర్ని దింపేశాడు. "మన వీధిలోకి నువ్వు తోలు," అన్నాడు.

"నాన్నా, నాకసలు..."

"తెలుసులే. పొద్దున వీధిలోనే తెలిసింది."

"మరి ఎక్కావేంటి?"

"అంతమంది చూస్తుంటే నిన్ను దిగమని ఎట్టా అంటానురా. ఎక్కు. మెల్లగా పోనీ. పక్కనే ఉంటాగా."

ఆ తర్వాత డ్రైవరు మామ దగ్గర బుద్ధిగా నేర్చుకున్నాను. ఈమధ్య ఆ పాత ఆట ఎక్కడో దొరికితే ఆడి చూశాను. అప్పుడు గుండెలదరగొట్టిన మలుపులూ గొట్టాలూ ఇప్పుడు పిల్లల రంగుల పుస్తకంలా ఉన్నాయి. వాటిలో పడి పోయే ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఆ రోజు వ్యానులో తనకంటే ఎక్కువ భయపడుతున్న మనిషి దిగకుండా పక్క సీట్లోనే కూర్చున్నాడని ఒక్కసారి తలతిప్పితే తెలిసేది. పాపం, రోడ్డు మీంచి చూపు తిప్పే ధైర్యం వాడికెక్కడిది.